కట్ట అడుగున ఇసుక

మా మేనమామే నాకు మామగారు. మా పల్నాడులో ఇదేం వింత కాదు. ఆయన పంపే ఇసుకను పరీక్షించే ఉద్యోగం నాది కావడమే వింత. మాచర్ల అవతల గుట్టల్లో ఒక గని ఉంది. రాయిని పిండి చేసి ఖనిజం తీసుకున్నాక మిగిలే బురదను నిలవ చెయ్యడానికి అక్కడ పెద్ద మట్టికట్ట కడుతున్నారు. ఆ పనిలో నేను క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్ మనిషిని. ఉద్యోగం ఇప్పించింది మావయ్యే, ఇసుక కాంట్రాక్టూ ఆయనదే. అప్పుడే బుద్ధి రావాల్సింది నాకు. రాలేదు.

కట్టకు ప్రాణం పైన కనబడే మట్టి కాదు, అడుగున పరిచే ఇసుక పొర. నీళ్లు నిలవకుండా పూలకుండీ అడుగున పెంకులు వేస్తాం చూడండి, అలాంటిదే. బురదలోంచి ఊరే నీళ్లు ఆ పొర గుండా బయటికి పోవాలి. పొరలో మట్టి చేరిందా, నీళ్లు కట్టలోనే ఉండిపోతాయి. నానిన కట్ట ఏదో ఒకనాడు జారుతుంది. కింద ముప్పై నలభై గడపల తండా ఉంది. అందుకే పరిచిన పొరలోంచి నమూనాలు తీసి, నీళ్లతో కడిగి, జల్లించి, ఎంత మట్టి ఉందో తేల్చాలి. నేను సంతకం పెట్టేదాకా దాని మీద పారెడు మట్టి కూడా వెయ్యకూడదు.

మావయ్య పంపిన ఇసుకకు వంక పెట్టడానికి లేదు, ఆ మాట చెప్పాలి. తప్పు ఇంకోచోట జరిగింది. పరిచిన ఇసుకలో లోడు లారీలు దిగబడిపోయాయి. బండి దిగబడితే మా రైతులకు ఒకటే మందు తెలుసు: ఎర్రమట్టి పోసి తొక్కించడం. నల్లరేగడిలో పుట్టి పెరిగిన మనిషి, ఆయనా అదే చేశాడు. పొర మీదుగా ఎర్రమట్టి దారి వేయించి, లారీలు నడిపించి, పనయ్యాక జేసీబీతో గీకించేశాడు. ఈలోగా ఒక వాన పడిందని మాత్రం ఆలోచించలేదు.

ఆ దారి ఉన్నచోట నమూనా తవ్వి కడిగాను. నీళ్లు కారం కలిపినట్టు ఎర్రగా దిగాయి. రోజూ మధ్యాహ్నం నాకు క్యారేజీ తెచ్చే మావయ్య సరిగ్గా అప్పుడే వచ్చాడు.

"ఏందమ్మాయ్, మొహం అట్టా పెట్టావ్?"

"ఎర్రమట్టి ఎవరు పొయ్యమన్నారు మావయ్యా? ఆ దారి మేరా ఇసుక మొత్తం తీసి మళ్లీ వెయ్యాల."

"గీకించా గదే! తెల్లగానే ఉందిగా."

"లోపలికి దిగింది. పైపైన గీకితే ఏమొస్తది?"

ఆయన గొంతు తగ్గించాడు. కోప్పడినా బాగుండేది, నాకూ నోరుంది. "తియ్యమని రాస్తే కాంట్రాక్టు పీకేస్తారు. రేపు సర్పంచిగా నిలబడదామనుకుంటున్నా. కోడలే పట్టిచ్చిందంటే ఊళ్లో తలెత్తుకోలేనమ్మా. ఆ దారి వదిలేసి పక్కన తీసుకో. అదీ మన ఇసుకే గదా, అబద్ధమేముంది?"

అబద్ధమేముంది! ఆ మాటకే చిక్కాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అత్తింట్లో గొడవైతే ఆడది అలిగి పుట్టింటికి పోతుంది. మా అమ్మే ఆ అన్న పంచన బతుకుతోంది, నేనెక్కడికి పోను? దారికి పది అడుగుల దూరంలో మళ్లీ తవ్వాను. నీళ్లు తేటగా దిగాయి. రిపోర్టులో నేను రాసిన ప్రతి అంకె నిజమే. సంతకం పెట్టాను. సాయంత్రానికల్లా పొర మీద మట్టి పడిపోయింది.

పిరికిదాన్ని. దానికి ఇంకో పేరు వెతకను.

కట్ట లోపల నీళ్లు ఎంత ఎత్తులో ఉన్నాయో చూడటానికి గొట్టాలు దింపి ఉంటాయి. అప్పటినుంచీ రోజూ పొద్దున్నే వాటిలోకి కొలత టేపు వదులుతున్నాను. వానలు పడితే నీళ్లు పైకొస్తాయి. దిగడానికి చానా రోజులు పడుతుంది. అన్ని రోజులూ నాకు అన్నం సయించదు. విశాఖపట్నంలో నాకు ఇంతకంటే మంచి ఉద్యోగం వచ్చింది. పోదామని నా భర్త ఎంతో బతిమాలాడు. వద్దన్నాను. ఎందుకో చెప్పలేదు, అవతల ఉన్నది ఆయన తండ్రి. "మా కోడలికి పనంటే పిచ్చి" అని మావయ్య అందరికీ చెప్పుకుంటాడు. వింటే ఒళ్లు మండిపోతుంది.

పోయిన ఏడాది తండాలో మేకలు కాసుకునే ఒకామె నా దగ్గరికి వచ్చింది. "టెస్టులు చేసేది నువ్వేగా అమ్మా. కట్ట గట్టిదేనా? మా గుడిసె పీకి స్లాబు ఇల్లు కట్టుకుందామనుకుంటున్నాం."

"గుట్ట వైపు జాగా లేదా అక్కా?"

"ఉంటే నిన్నెందుకడుగుతా? ఏందమ్మా, భయమేమన్నా ఉందా?"

ఉందంటే ఎందుకో చెప్పాలి. "ఏం లేదక్కా, కట్టుకో" అనేశాను. ఆ రాత్రి నా నాలుక కోసేసుకోవాలనిపించింది.

గృహప్రవేశానికి వద్దన్నా వినకుండా పిలిచింది. వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి, "ఈ అమ్మ మాట మీదే పునాది తీశాం" అని చెప్పింది. కొత్త గచ్చు మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, రవికగుడ్డ చేతిలో పెట్టింది.

"నువ్వు మాత్రం ఈ గని వదిలి పోమాకమ్మా. నువ్వుంటే మాకు ధైర్యం."

"పోనక్కా" అన్నాను. ఆమెతో నేను ఆడిన మాటల్లో నిజం అదొక్కటే.