బస్సును ఆపిన పెద్దమ్మ

మొన్న సోమవారం పొద్దున మా పక్కింటి పెద్దమ్మ పోయింది. కొండాపూర్‌లో మా వీధికి కొత్తగా వచ్చినవాళ్లు "మూడు చక్రాల బండి ఆవిడేనా?" అని అడుగుతున్నారు. ఆవిడే. చిన్నప్పుడే పోలియోతో రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఆ బండిని చేతులతో తిప్పుకుంటూ వెళ్లి, మా వీధిలో నలుగురు ముసలివాళ్లకు నెలనెలా రేషన్ బియ్యం తెచ్చిపెట్టింది కూడా ఆవిడే.

దుకాణం రెండు కిలోమీటర్ల దూరం. తూకానికి ముందు నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలేది. నూకలు తగిలితే, "ఇవి కోళ్లకు వెయ్యి. మనుషులకు ఇంకో బస్తా ఇప్పు" అనేది. అందుకే కాబోలు, కొత్తగా వచ్చిన డీలరు, "కార్డు ఎవరిదో వాళ్లే రావాలె" అని పట్టుబట్టాడు. నెలాఖరు దాటితే ఆ నెల బియ్యం ఇక లేనట్టే.

ఇక బస్సే దిక్కు. మా రూటు డ్రైవర్లు స్టాపు దాటి ఇరవై అడుగులు పోయాకే బ్రేకు వేసేవారు. కంప్యూటర్ క్లాసుకని రోజూ పరుగెత్తి ఎక్కేదాన్ని నేను. పరుగెత్తలేనివాళ్లు ఏం చేస్తారన్నది నాకెప్పుడూ తట్టలేదు.

ఆ నెల చివరి రోజు, సంచులు పట్టుకుని నిలబడ్డ నలుగురినీ రెండు బస్సులు అలాగే దాటిపోయాయి. మూడోది కనబడగానే పెద్దమ్మ తన బండిని రోడ్డుకు అడ్డంగా తిప్పేసింది.

"ఏందమ్మా, చస్తవా? బండి తియ్!" డ్రైవర్ అరిచాడు.

"తీస్త బిడ్డా. మావోళ్లు ఎక్కినంక తీస్త."

కండక్టర్ కిందికి దిగాడు. "నీ బండికి లైసెన్సు ఉన్నదా?"

"నీ బస్సుకు బ్రేకు ఉన్నదా? స్టాపుల ఎన్నడూ చూడకపోతిమి!"

బస్సంతా నవ్వింది. కండక్టరే చెయ్యి పట్టి ఒక్కొక్కరినీ ఎక్కించాడు. ఆ రోజు క్లాసు మానేసి నేనూ ఎక్కాను. "మరి నువ్వు పెద్దమ్మా?" అన్నాను.

"నా ఫికర్ నీకెందుకు? నువ్వు లైను పట్టు పో."

మా తూకాలు అవుతుండగానే దుమ్ము కొట్టుకుపోయిన ముఖంతో వచ్చేసింది. అరచేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి. వస్తూనే బియ్యం నమిలింది. ఆ రోజు డీలరు వెంటనే బస్తా మార్చాడు.

ఆ తర్వాత నెల నుంచి ఆ బస్సు స్టాపులోనే ఆగుతోంది. ఇప్పటికీ ఆగుతోంది. ఎవరైనా అడిగితే, అది మా పెద్దమ్మ ఆపిన బస్సని గొప్పగా చెప్పుకుంటాం.

బస్సును ఆపిన ఆ రోజు మధ్యాహ్నం నలుగురినీ నేనే తిరుగు బస్సెక్కించాను. వాళ్ల నాలుగు సంచులూ, తన సంచీ ఆమె తన బండి వెనక పేర్పించుకుని ముందే బయలుదేరింది. దారిలో మా బస్సు ఆమెను దాటింది. వెనక నుంచి మనిషి కనబడలేదు. ఐదిళ్ల బియ్యం, దానికి అటూ ఇటూ లేస్తూ పడుతూ రెండు మోచేతులు.