పదకొండు రాళ్లకు అభిషేకం

త్రికోటేశ్వరా, ఏ రూపమూ అక్కర్లేకపోయినా మా కోసం రాయిలో నిలిచిన దయామయుడా, ముందుగా నీకు నమస్కారం. నోరారా నీ నామం పలికే భాగ్యం ఇచ్చావు. చేతులు కట్టుకుని నిలబడే తెలివి కూడా కాస్త ఇచ్చి ఉంటే నాకిది రాసే పని తప్పేది.

మా మేనకోడలు ఫైన్ ఆర్ట్స్ చదివింది. చివరి ఏడాది ఏదో ఒకటి తయారుచేసి ప్రదర్శనకు పెట్టాలి. కాలేజీ మేడం వచ్చి చూసి మార్కులు వేస్తుంది. అది పోతే డిగ్రీ పోయినట్టే. పిడుగురాళ్లలో వాళ్ల నాన్న సున్నం బట్టీ పక్కనున్న ఖాళీ షెడ్డు చాలంది పిల్ల.

మేడం వచ్చే రోజు ఉదయం మా వెల్దుర్తి భజన సమాజం వాళ్లం నలుగురం కోటప్పకొండలో స్వామికి అభిషేకం చేయించుకుని, చెంబెడు తీర్థంతో తిరిగి వస్తున్నాం. పిల్లను దీవించి పోదామని షెడ్డు దగ్గర దిగాం. లోపల శుభ్రంగా ఊడ్చిన నేల మీద, బట్టీలో కాలిన తెల్లరాళ్లు వరసగా ఉన్నాయి. ఇంకేమీ లేదు.

"ఇదేందే?" అన్నాను.

"నా వర్క్ మావయ్యా."

"బొమ్మేదీ?"

"బొమ్మ ఉండదు. ఇదే."

"కళ్లూ ముక్కూ లేకపోతే ఏం చూడాలే?"

"నీ శివుడికి ఉన్నయ్యా? రోజూ చూట్టంలా?"

శివపురాణం మూడుసార్లు పారాయణ చేసినవాణ్ణి. నన్నే అడుగుతోంది!

"సరే, అర్థం ఏంది?"

"అది నేను చెప్పకూడదు. చూసేవాళ్లకి ఏం తోస్తే అదే" అంది. అంతలో మేడం కారు దారి తప్పిందని ఫోన్ వస్తే రోడ్డు మీదికి పరిగెత్తింది.

నేను రాళ్లు లెక్కపెట్టాను. పదకొండు! ఏకాదశ రుద్రులు! ఒళ్లు పులకరించింది. పిల్ల పైకి చెప్పలేదు గానీ, ఎంత భక్తి! నమక మంత్రం అందుకుని మొదటి మూడు రాళ్ల మీద తీర్థం పోశాను.

రాళ్లు బుసకొట్టాయి. పొగలు కక్కాయి. ఫట్ మని పగిలి కుతకుత ఉడికాయి. మావాళ్లు ముగ్గురూ చేతులెత్తి "హర హర మహాదేవ!" అని షెడ్డు దద్దరిల్లేలా అరిచారు.

ఆ అరుపుకి మా బావ బట్టీ దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చాడు. "ఒరేయ్ బామ్మర్దీ, వెనక్కి రా! కాలిన రాయి మీద నీళ్లు పోస్తారంట్రా ఎవడైనా? మొహం ఉడికిపోద్ది!"

"చూసేవాళ్లకి ఏం తోస్తే అదే అంది గదా బావా!"

"నీకు తోచడమే ఓ గండంరా!"

మేడంతో తిరిగొచ్చిన పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది. మూడు రాళ్లు ఉన్నచోట మూడు పిండికుప్పలు.

"బట్టీలో పదకొండు మంది పనిచేస్తారు మావయ్యా. ఒక్కో రాయి ఒక్కొక్కరు ఏరి ఇచ్చింది" అంది మెల్లగా. ఖాళీ చెంబు వీపు వెనక దాచుకున్నాను.

"ఇలా అవ్వాలనే పెట్టావా?" అని మేడం అడిగింది. అవునంటే గండం గట్టెక్కేది.

"లేదు మేడం. మా మావయ్య పోశాడు" అంది పిల్ల.

మేడం ఆ కుప్పల చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. "మరి మిగతా ఎనిమిదీ ఏం చేస్తావు?"

పిల్ల బట్టీ వాళ్లందర్నీ పిలిచింది. రాయి ఉన్నవాళ్లను తలో చెంబు నీళ్లు తీసుకుని తమ రాయి మీద తామే పొయ్యమంది. వాళ్లు తలగుడ్డలు మొహాలకు చుట్టుకుని, ఎంత దూరంలో నిలబడాలో అంత దూరంలో నిలబడి ఒక్కొక్కరే పోశారు. రాయి లేని ముగ్గురిలో ఒకావిడ నా దగ్గరికొచ్చి, "నాది నువ్వు పోశావు గదన్నా, ఇప్పుడు నేనేం జెయ్యాల?" అంది. క్షమించమన్నాను. ఆమె నవ్వి, తన కుప్ప పక్కకు వెళ్లి నిలబడింది. మిగతా ఇద్దరూ అలాగే నిలబడ్డారు. ఆ పొగల్లో ఆ పదకొండు మందినీ చూస్తుంటే ఆ రాళ్లు ఎవరో నాకు అర్థమైంది. రుద్రులని నేను పొరబడ్డానని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

పిల్ల పాసైంది. మార్కులు గొప్పగా రాలేదు. కావాలని చేసిందెంత, జరిగిపోయిందెంత అన్నది ఈసారి ముందే తేల్చుకోమంది మేడం. ఇప్పుడు పిల్ల లారీల పాత టార్పాలిన్లు పోగేస్తోంది. ఎందుకో నేను అడగలేదు.

చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం నాతోపాటు చేతులు జోడించండి. స్వామీ, ఆ పిల్ల చేతికి బలం ఇవ్వు. ఆ బట్టీ దగ్గర సున్నపు దుమ్ము పీల్చే వాళ్ల గుండెల్ని కాపాడు. మాకు తెలియనిదాని ఎదుట కాసేపు నిలబడే ఓపిక మా అందరికీ ప్రసాదించు.