సగం దించిన షట్టర్

మా అక్క మొగుడు బొంబాయి కామాటిపురాలో పళ్ళ డాక్టరు. ఆయన్ని తలుచుకుంటే ఆ దవాఖానా ముందు సగం దించిన షట్టరే కళ్ళముందు నిలుస్తుంది. ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎనభైల్లో నేను కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాణ్ణి. ఆఫీసు మొత్తానికి కంప్యూటర్ ఒక్కటే. నా వంతు ఏ వేళకొస్తే ఆ వేళకి పరిగెత్తాలి. బావకి అదొక వేళాకోళం.

"నా దవాఖానా, నా మర్జీ. ఎప్పుడంటే అప్పుడు బంద్ చేస్త. నీకున్నదా ఆ సుఖం?" అనేవాడు షట్టర్ మీద చెయ్యేసి.

ఆయన బంద్ చెయ్యగా నేను చూస్తే కదా! భోజనం వేళకి సగం దించేవాడు. దవడ పట్టుకున్నవాళ్ళు వంగి లోపలికి దూరేవాళ్ళు. అన్నం చల్లారిపోయేది.

ఆయన కూతురు వర్లి బడిలో నాటకం వేసిన రోజు, రెండు ఆదివారాలు పని చేస్తానని ఒప్పుకుని నా వంతు మార్చుకున్నాను. నాటకం నాలుగింటికి. మూడున్నరకి బావకోసం వెళితే షట్టర్ సగంలోనే ఉంది. కింద రెండు జతల చెప్పులు.

"ఇగో, అయిపోయింది. పాంచ్ మినిట్," అన్నాడు లోపల్నుంచి.

నాలుగు దాటింది. ఇంకొకరు దూరకుండా షట్టర్ పూర్తిగా దించేద్దామని పట్టుకున్నాను. వెనక ఎవరో మూలిగారు. పాలమూరు తాపీమేస్త్రీ ఒకాయన, సిమెంటు చేత్తో వాచిన బుగ్గ పట్టుకుని నిలబడ్డాడు.

"బంద్ అయిందా బిడ్డా?"

"లేదు తాతా," అన్నాను. ఆయన వంగే పని లేకుండా షట్టర్ పైకెత్తి పట్టుకున్నది నేనే.