సహాయంగారికి వ్రాయునది ఏమనగా

మా లిఫ్టు బాబాయికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ప్రతి శుక్రవారం పొద్దున పదింటికి మా కొట్టు మీద ఒక ఫిర్యాదు రాసి పంపకపోతే ఆయనకి ఆ వారం గడిచినట్టు కాదు. వర్షం వచ్చినా రాస్తారు, జ్వరం వచ్చినా రాస్తారు. ఫిర్యాదు చేయడానికి ఏమీ దొరక్కపోతే ఆ సంగతే ఫిర్యాదుగా రాస్తారు.

కొట్టంటే సరుకులు తూచి పొట్లాలు కట్టేది కాదు. కంప్యూటర్ ఆటలు అమ్మే కొట్టు. గోడల్లేవు, తలుపుల్లేవు, అంతా ఇంటర్నెట్‌లోనే. కొనేవాళ్ళు ఇంట్లో కూర్చుని మీట నొక్కితే ఆట వాళ్ళ కంప్యూటర్‌లోకి దిగుతుంది. దిగకపోతే మాకు రాస్తారు. వాళ్ళకి జవాబు చెప్పడానికి సహాయ విభాగం అని ఒక గది. ఒకప్పుడు అందులో ఏడుగురం ఉండేవాళ్ళం. తర్వాత ఇంటర్నెట్‌లోనే ఇంకో పెద్ద కొట్టు తెరిచారు. మాకు నెలకోసారి సేల్ అయితే వాళ్ళకి పూటకోసారి. ముందు మా దగ్గర కొనేవాళ్ళు అటు వెళ్ళారు, ఆ వెనకే మావాళ్ళు ఆరుగురూ వెళ్ళారు. ఇక మిగిలింది నేనూ, ఏడు కుర్చీలూ.

బాబాయి ఫిర్యాదు చదవాలంటే కాస్త ఓపిక కావాలి.

"సహాయంగారికి నమస్కారములు. ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను. వ్రాయునది ఏమనగా, మొన్న మీ దగ్గర కొన్న గుర్రాల ఆట మూడో అంతస్తులో ఆగిపోయినది. తలుపులు సరిగా పడలేదని నా అనుమానం. చిత్తగించవలెను."

మేము పంపే ఉత్తరాల కింద 'సహాయ విభాగం' అని ఉంటుంది కాబట్టి ఆయన లెక్కలో నా పేరు సహాయంగారు. నేను వెంటనే జవాబిచ్చాను.

"ఆటలో అంతస్తులుండవండీ, దశలుంటాయి."

"మీరు దశలనండి, నేను అంతస్తులంటాను. ఆగిపోయింది మాత్రం ఒకచోటే."

ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి అని ఆ రోజే తెలిసింది. అప్పటినుంచి నేను ఆయన్ని బాబాయిగారూ అంటూ వచ్చాను. కొనేవాళ్ళని వరసపెట్టి పిలవకూడదని ఆఫీసులో రూలుంది. కానీ రూలు చూసుకునే సూపర్‌వైజర్ కూడా పెద్ద కొట్టుకే వెళ్ళిపోయాడు.

ఆ పెద్ద కొట్టుని బాబాయి 'ఎదురు కొట్టు' అనేవారు. రెండు కొట్లూ ఏ వీధిలోనూ లేవని ఎంత చెప్పినా వినేవారు కాదు. వాళ్ళు ఏదైనా ఆట ఊరికే పంచిపెడితే చాలు, మాకు కబురు వచ్చేసేది.

"వ్రాయునది ఏమనగా, ఎదురు కొట్టువాడు ఇవాళ విమానాల ఆట ఉచితంగా ఇస్తున్నాడు. నిన్ననే దాన్ని మీ దగ్గర పూర్తి ధరకి కొన్నాను."

"అయ్యో బాబాయిగారూ, మీ డబ్బు వాపసు ఇచ్చేస్తాం. అక్కడ ఊరికే తీసుకోండి."

"నేను వాపసు అడిగానా? వాడి సంగతి మీ చెవిన వేద్దామని రాశాను."

ఇంకోసారి వచ్చిన ఉత్తరం ఇది: "ఈ వారం ఫిర్యాదు ఏమనగా, ఫిర్యాదు లేదు. కారణమేమిటో విచారించి తెలుపగలరు."

ఆ రోజు నాకూ వేరే పనేమీ లేదు. గంటసేపు ఆగి రాశాను: "విచారించాం. అంతా సరిగ్గా ఉండటమే కారణమని తేలింది."

"జవాబు తృప్తికరంగా లేదు. వచ్చే శుక్రవారం మళ్ళీ రాస్తాను."

పాపం, ముసలాయన ఒంటరివాడు, మాట్లాడే దిక్కులేక నాకు రాస్తున్నాడు అని జాలిపడేదాన్ని. నా సంగతి మాత్రం ఒప్పుకునేదాన్ని కాదు. వారమంతా ఆ గదిలో వినిపించే గొంతు నాదొక్కటే, అదీ అడ్డంగా ఉన్న కుర్చీలకి కాలు తగిలి 'అబ్బా' అన్నప్పుడు. ఇంటికెళ్ళినా పొద్దున నేను వేసిన తాళం నేనే తీసుకోవాలి. శుక్రవారం పదింటికి కంప్యూటర్‌లో ఠంగుమని గంట మోగితే ప్రాణం లేచొచ్చేది.

ఇలా మూడేళ్ళు గడిచాక ఒక శుక్రవారం సాయంత్రం మా యజమాని గదిలోకి వచ్చారు. ఏ కుర్చీలో కూర్చోవాలో తోచక నిలబడే అడిగారు.

"ఏమ్మా, ఈ వారం ఎన్ని ఉత్తరాలొచ్చాయి?"

"ఒకటండి."

"పోయిన వారం?"

"అదీ ఒకటేనండి. లిఫ్టు బాబాయిగారిది."

"మూడేళ్ళుగా ఒక్క మనిషి సమస్య తీర్చలేకపోయావా?"

"తీరుస్తూనే ఉన్నానండి. ఆయన కొత్తది తెస్తూనే ఉన్నారు."

"ఆయన ఉండేది ఈ ఊళ్ళోనేగా? రేపు స్వయంగా వెళ్ళి ఆ సమస్యేదో మొత్తం తీర్చేసి రా. తీరిపోతే ఈ గదికి తాళం వేసేద్దాం. వచ్చే ఒకటీ అరా ఉత్తరాలకి జవాబు చెప్పడానికి యంత్రాలొచ్చాయి."

తీర్చకపోతే పని చేతకానిదాన్ని, తీరిస్తే పని లేనిదాన్ని. రాత్రంతా ఆలోచించినా ఈ రెండింట్లో ఏది మేలో తేలలేదు.

నేను వస్తున్నానని ఆఫీసు నుంచి ముందే ఫోన్ వెళ్ళింది కాబట్టి, మర్నాడు మధ్యాహ్నం ఆయన మేడ నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి బాబాయి ఎదురుగా నిలబడి ఉన్నారు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో స్క్రూడ్రైవర్‌తో.

"ఎలా వచ్చింది?" అన్నారు.

"ఎవరండీ?"

"లిఫ్టమ్మా."

"బాగానే వచ్చిందండి."

"రెండో అంతస్తు దగ్గర కొంచెం దగ్గింది. వినలేదూ? వినాలి. అయితే సహాయంగారివి నువ్వేనా? నీ రాత చూసి యాభై ఏళ్ళ మనిషివనుకున్నాను. రా, రా."

ఇల్లు అద్దంలా ఉంది. కంప్యూటర్ ముందు ఒకే ఒక్క కుర్చీ. దాన్ని తుడిచి నన్ను కూర్చోబెట్టి, ఆయన పనిముట్ల పెట్టె లాక్కుని దాని మీద కూర్చున్నారు.

"ఒకటే కుర్చీ. రెండోదానితో ఎప్పుడూ పని పడలేదు" అన్నారు, ఏదో తప్పు చేసినట్టు.

నేను కంప్యూటర్ తెరిచాను. ఆటలన్నీ శుభ్రంగా దిగి ఉన్నాయి, శుభ్రంగా ఆడుతున్నాయి. గుర్రాల ఆటయితే చివరి దశ దాకా పూర్తిచేసి ఉంది.

"బాబాయిగారూ, ఇది మూడో దశలో ఆగిపోయిందన్నారు?"

"ఆగింది. నేనే ఆపాను. టీ పెట్టుకుందామని."

"విమానాల ఆటలో శబ్దం రావడంలేదన్నారు?"

"స్పీకర్ స్విచ్ వెయ్యలేదు."

"మరి పోయినేడాది, తెర అంతా చీకటైపోయిందన్నారు?"

"కరెంటు పోయింది."

నాకు ఒళ్ళు మండింది. "అంటే మూడేళ్ళుగా ఒక్క నిజమైన ఫిర్యాదూ లేదా? ఎందుకు రాశారండీ ఇవన్నీ?"

బాబాయి స్క్రూడ్రైవర్ తీసి అరచేతిలో అటూ ఇటూ తిప్పారు.

"లిఫ్టులో ఎర్రమీట ఉంటుంది, చూశావా? లోపల ఇరుక్కున్నవాళ్ళు నొక్కితే కింద ఓ గదిలో గంట మోగుతుంది. అక్కడున్న మనిషి 'చెప్పండి' అనాలి. పనిలో చేరిన కొత్తలో రెండేళ్ళు ఆ గదిలో ఉన్నాను. లిఫ్టులు బాగుంటే ఎవడు నొక్కుతాడు? వారాలకి వారాలు ఒక్క గంట మోగేది కాదు. నేనున్నానో పోయానో నాకే అనుమానం వచ్చేది. ఆ మేడలో టైపు చేసే ఒకావిడ ఉండేది. ప్రతి శుక్రవారం పైకెళ్తూ నొక్కేది. 'చెప్పండమ్మా, ఇరుక్కుపోయారా?' అంటే, 'లేదు నాయనా, ఉన్నావో లేదో చూశానంతే' అనేది."

"అయితే?"

"నీకు మొదటిసారి రాసినప్పుడు నిజంగానే ఆట దిగలేదు. అరనిమిషంలో జవాబిచ్చావు. ఇంత త్వరగా ఎలాగండీ అని అడిగాను. నువ్వేం రాశావో గుర్తుందా?"

"లేదండి."

"'ఈ వారం మీరొక్కరే రాశారండీ' అన్నావు."

నేను ఎప్పుడో రాసి మరిచిపోయిన ముక్క. ఆయన మీద మూడేళ్ళుగా నేను పడ్డ జాలంతా తిరిగి నా ఒళ్ళో వచ్చి పడింది. ఒంటరివాడని నేను ఆయనకి జవాబులిస్తున్నాననుకుంటే, ఒంటరిదాన్నని ఆయన నాకు ఫిర్యాదులు తయారుచేస్తున్నారు. ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది. తాళం సంగతి, యంత్రం సంగతి మొత్తం చెప్పేశాను.

"అయితే తీరలేదని రాసుకో" అన్నారు బాబాయి.

సోమవారం యజమానికి అలాగే చెప్పాను. ఆయన నమ్మలేదు. నా ఎదురుగానే బాబాయికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు.

"చూడండి, మీరు మా పాత ఖాతాదారులు. ఇకమీదట మీకు ఏ ఆటయినా సగం ధరకే ఇస్తాం."

"ఎదురు కొట్టువాడు ఊరికే ఇస్తున్నాడు బాబూ. నీ సగం ధర ఎవడికి కావాలి?"

"మరి అక్కడికి వెళ్ళకుండా మా దగ్గరే ఎందుకు కొంటున్నారండీ?"

"వాడి దగ్గర ఆటలు ఎక్కువే. గంట కొడితే పలికే మనిషి లేడు. మీ దగ్గర ఉంది. ఆ అమ్మాయిని తీసేసిన రోజు నేనూ అటే పోతాను. ఊరికే వచ్చేదాన్ని వదులుకోవడానికి నాకేం పిచ్చా?"

యజమాని ఫోన్ పెట్టేసి, ఏడు కుర్చీల వంక చూశారు. "తాళం సంగతి తర్వాత చూద్దాంలే" అని వెళ్ళిపోయారు.

ఆ శుక్రవారం పదయింది. గంట మోగలేదు. పదీ పావయింది, పదిన్నరయింది. మా పద్ధతిలో జవాబివ్వడమే తప్ప ముందుగా రాయడం లేదు, దానికి మీట కూడా లేదు. ఆఖరికి ఆయన పాత ఫిర్యాదు ఒకటి తెరిచి దాని కిందే రాశాను.

"బాబాయిగారికి నమస్కారములు. వ్రాయునది ఏమనగా, ఈ వారం మీ ఫిర్యాదు అందలేదు. దీనిమీద మా ఫిర్యాదు స్వీకరించగలరు."

అరనిమిషంలో గంట మోగింది.

"సహాయంగారికి, ఇప్పుడే ఇంట్లో అడుగుపెట్టాను. ఆలస్యానికి కారణం ఏమనగా, బజారుకి వెళ్ళి రెండో కుర్చీ కొన్నాను. ఒక కాలు పొట్టి అని నా అనుమానం. నేను పాత కుర్చీకి అలవాటు పడ్డవాణ్ణి, నాకు తెలియడం లేదు. ఎవరైనా వచ్చి కూర్చుని చూసి చెప్పవలెను."

ఆదివారం వెళ్ళి సాయంత్రం దాకా కూర్చుని చూశాను. నాలుగు కాళ్ళూ లక్షణంగా ఉన్నాయి. అయినా ఒకటి పొట్టిగానే ఉందని, వచ్చే ఆదివారం మళ్ళీ వచ్చి చూడాలని ఫిర్యాదు రాసి ఇచ్చాను.