రాగితీగ కట్టు

మా వీధి చివరి షెడ్డులో కార్లు బాగుచేసే ఆయన్ని అందరూ కట్టు మేస్త్రి అంటారు. ఏ వైరు వేలాడుతూ కనబడినా రాగితీగతో మూడు చుట్లు చుట్టి, తోక లోపలికి మడిచి, వేలితో ఒకసారి తట్టి గాని వదలడు. అలా తట్టకపోతే ఆ పూట ఆయనకు అన్నం సహించదని మేం ఆటపట్టించేవాళ్ళం. మనిషి మంచివాడే. నోరే కాస్త ముందు పరిగెడుతుంది.

ఆయన దగ్గర పదమూడేళ్ళుగా భార్య తమ్ముడు పనిచేసేవాడు. బావ ఎన్ని తిట్టినా నవ్వి ఊరుకునే రకం. అలాంటివాడు షెడ్డు వదిలి వెళ్ళిపోయాడంటే ఆ పాపంలో నాకూ వాటా ఉంది. గొడవ జరిగింది నా కారు దగ్గరే.

డాష్‌బోర్డు మీద ఇంజను దీపం పసుపుగా వెలిగి ఇక ఆరనంది. మేస్త్రి స్కానర్ తగిలించి చూసి, ఆక్సిజన్ సెన్సర్‌లో హీటర్ పోయిందని తేల్చేశాడు. పొగగొట్టంలో ఉండి, పెట్రోలు ఎక్కువవుతోందో తక్కువవుతోందో ఇంజనుకు చెప్పేది ఆ సెన్సరే. అది వేడెక్కితే గాని సరిగ్గా పనిచెయ్యదు, అందుకే లోపల చిన్న హీటర్ ఉంటుంది. బావమరిది కొత్త సెన్సర్ బిగించాడు. రెండో రోజుకే దీపం మళ్ళీ వెలిగింది.

నేను మండిపడుతూ షెడ్డుకు వెళ్ళి, అక్కడున్న వాళ్ళందరూ వినేలా అడిగేశాను. "కొత్తది వేసి రెండు రోజులు కాలేదు. ఇదేం పనండీ?"

"తప్పు సెన్సర్‌ది కాదేమో బావా. హీటరుకు కరెంటు వస్తోందో లేదో చూద్దాం," అంటూ బావమరిది మీటరు తీసుకుని కారు కిందికి దూరాడు. కాసేపటికి బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఏం కనబడింది?" అన్నాడు మేస్త్రి.

"తర్వాత చెబుతాలే బావా."

"తర్వాతేంటి? బిగించడం చేతగాక ఇప్పుడు మీటరు కథలా? నీ చెయ్యి పడ్డ బండి ఒక్కటైనా బాగుపడిందా?"

నిజమే అన్నట్టు నేను తలూపాను. ఆ తలూపుడు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మర్నాటి నుంచి అతను రాలేదు. అక్క వెళ్ళి బతిమాలినా రాలేదు.

వారం తర్వాత మేస్త్రే నా కారు పట్టాడు. విప్పేసిన పాత సెన్సర్‌కు మీటరు పెడితే హీటర్ నిక్షేపంగా ఉంది. ఇటు సెన్సర్‌ను తగిలించే వైరు ప్లగ్గులో మాత్రం కరెంటు లేదు. ఫ్యూజు కాలిపోయి ఉంది. కొత్తది వేస్తే అదీ కాలింది. వైరు వెంబడి వెతుక్కుంటూ వెళితే ఒకచోట అది వేడి గొట్టానికి ఆనుకుని, తొడుగు కరిగి, లోపలి తీగ ఇనుముకు తగులుతోంది. దాన్ని అక్కడ పట్టి ఉంచింది రాగితీగ కట్టు. అంతకు ముందేడు గేరుబాక్సు దించినప్పుడు ఆయనే కట్టాడు.

ఆ ముక్క కత్తిరించి తెచ్చి నాకు చూపించాడు. "మీ ముందే వాణ్ణి అన్నాను. మీ ముందే ఒప్పుకోవాలి, రండి," అన్నాడు.

బావమరిది పనిచేస్తున్న కొత్త షెడ్డుకు వెళ్ళాం. అతను ఆ ముక్క చేతిలోకి తీసుకోనైనా లేదు.

"ఆ రోజే చూశాను బావా. మూడు చుట్లు, మడిచిన తోక. ఇంకెవరు కడతారు?"

"మరి అప్పుడే చెప్పలేదేంరా?"

"నలుగురిలో ఎలా చెప్పను? వాళ్ళు వెళ్ళాక చెబుదామనుకున్నాను."

"తప్పు నాదిరా. వచ్చెయ్," అన్నాడు మేస్త్రి.

"నీ మీద కోపం లేదు బావా. ఇక్కడ కుదురుకున్నాను. అక్కని అడిగానని చెప్పు."

నా కారులో ఆ దీపం మళ్ళీ వెలగలేదు. మేస్త్రి రాగితీగ మానేశాడు. ఇప్పుడు ఏ బండి వచ్చినా ముందు మీటరు పెట్టి చూస్తాడు. కారు కింద పడుకుని, చెయ్యి బయటికి చాపి "మీటరు ఇటివ్వరా" అంటాడు. ఆ చెయ్యి కాసేపు అలాగే ఉంటుంది. తర్వాత ఆయనే లేచి వచ్చి తీసుకుంటాడు.