తమ్ముడి తల కొలత

నా చిన్నప్పుడు, నాకు ఎనిమిదేళ్లు వచ్చేదాకా, ఆర్మూరులోని మా మిద్దె ఇంటికి నేనొక్కదాన్నే మహారాణిని. ఆ తర్వాత తమ్ముడు పుట్టాడు. పుట్టినవాడు ఊరికే ఉండకుండా అమ్మ ఒళ్లో నా చోటు, నాయనమ్మ పక్కలో నా చోటు, చివరికి తాతయ్య భుజం మీద నా చోటు కూడా ఒక్కొక్కటే లాక్కున్నాడు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని మా నాయనమ్మ ఎవరెవరినో చూసి అంటుండేది. మా ఇంట్లో ఆ పాత నేనేనని అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది. ఇప్పుడు చెప్తుంటే నవ్వొస్తోంది గానీ, అప్పుడు వాణ్ణి చూస్తే నిజంగానే కడుపు మండిపోయేది. వాడికి పాలు పట్టినా మంటే, వాడికి దిష్టి తీసినా మంటే.

మా మిద్దె మీద వీధివైపు పొడవాటి వసారా ఒకటి ఉండేది. పొలంలో ఉడకబెట్టి తెచ్చిన పసుపు కొమ్ములను అక్కడ ఆరబోసేవాళ్లు. సాయంత్రం గాలికి ఇంటిల్లిపాదీ అక్కడే కూర్చునేవాళ్లం. వసారా అంచుకు గోడ లేదు, చెక్క కటాంజనం ఉండేది. నిలువుగా కట్టె పట్టీలు, నడుమ నడుమ స్తంభాలు, వాటి మీద చేయి ఆనించుకోవడానికి ఒక అడ్డ దూలం, అంతే. మా వైపు ఎండల సంగతి అందరికీ తెలుసు. వానలు మొదలయ్యాక పట్టే ఉక్క కూడా తక్కువదేం కాదు. ఎండకు నెర్రెలిచ్చిన కట్టెలోకి వాననీళ్లు దిగి, ఆ ఉక్కలో ఆరకుండా ఉండిపోతే ఏమవుతుందో మాకు ఒక వానాకాలం పొద్దున తెలిసింది. మా నాయనమ్మ తడిచీర ఆరేస్తూ కటాంజనానికి ఆనుకుంది. ఒక స్తంభం మొదట్లోనే పుటుక్కున విరిగి, పై దూలంతో సహా కింద వాకిట్లో పడింది. ఆమె వెనక్కి కూలబడింది కాబట్టి బతికి బయటపడింది. విరిగిన స్తంభం పైనంతా కొత్తదానిలాగే ఉంది. అడుగున గోరుతో గీకితే మాత్రం పిండిలాగా రాలింది.

మిగిలినదాన్నంతా తాతయ్య పీకించేసి, అంచు పొడుగునా ఒక మోకు కట్టించాడు. ఎండాకాలం వచ్చేసరికి తమ్ముడు పాకడం దాటి, ఏది దొరికితే అది పట్టుకుని నిలబడుతున్నాడు. మిద్దె మీద పసుపు ఆరబోయాలి, వాణ్ణి కింద వదిలితే ఏడుస్తాడు. అమ్మ వాణ్ణి పాత చీరతో నడుముకు కట్టి, ఆ చీర కొసను లోపలి గుంజకు ముడేసి పని చేసుకునేది. ఇట్లా ఎన్నాళ్లు అని తాతయ్య వడ్లతాతకు కబురు పెట్టాడు.

వడ్లతాత మా ఊరి వడ్రంగి. పళ్లన్నీ పోయినా ఉలి పట్టులో ఏమీ పోలేదు. పక్క వీధిలో ఎవరో ఇనుప కటాంజనం పెట్టించుకున్నారనీ, మనమూ అదే పెట్టిద్దామనీ తాతయ్య అన్నాడు. వడ్లతాత ఒప్పుకోలేదు.

"ఎండల ఇనుము ముట్టుకుంటే పసిపిల్లగాని చెయ్యికి బొబ్బలొస్తయ్ పటేలా. వానల తుప్పు వడ్తది. మంచి కట్టెను మంచిగ నిలవెడ్తే నీ మనుమని మనుమలు గూడ ఆనుకుంటరు."

మంచి కట్టె మా ఇంట్లోనే ఉంది. అటక మీద నాలుగు టేకు బల్లలు ఎప్పటినుంచో ఎండుతున్నాయి. నా దుఃఖమంతా వాటితోనే మొదలైంది. ఆ బల్లల్లో ఒకదానితో నాకు ఉయ్యాల చేయిస్తానని తాతయ్య తమ్ముడు పుట్టకముందే మాటిచ్చాడు. పసుపు పని అయిపోనీ, పెళ్లిళ్ల కాలం దాటనీ అంటూ వాయిదాలు వేస్తూ వచ్చాడు. ఇప్పుడు నాలుగు బల్లలూ నా కళ్లముందే కిందికి దిగాయి. అన్నీ కటాంజనానికే. అంటే అన్నీ తమ్ముడికే.

బల్లలు సరిపోతాయా అని తాతయ్య అడగడం, వడ్లతాత జవాబు చెప్పడం నేను తలుపు చాటు నుంచి విన్నాను.

"సందులు దగ్గర దగ్గర వెడ్తే నాలుగూ అయిపోతయ్. జర ఎడంగ వెడ్తే ఒక బల్ల మిగుల్తది. గని పసిపిల్ల ఉన్న ఇల్లు గదా, దగ్గరగనే వెడ్త."

"ఏం మిగల్చకు, అన్నీ వాడెయ్" అన్నాడు మా తాతయ్య. నా ఉయ్యాల ఆయనకు గుర్తే రాలేదు. మరిచిపోయినందుకు తాతయ్య మీద రావలసిన కోపం కూడా తిన్నగా వెళ్లి తమ్ముడి మీదే పడింది. ఓర్వలేనితనానికి దారి చూపించే పని లేదు.

వడ్లతాతకు పని మొదలుపెట్టే పద్ధతి ఒకటి ఉండేది. ఉలికి, బాడిసెకు పసుపూ కుంకుమా పెట్టి మొక్కుకున్నాక, అడుగుబద్ద తీయకుండా, ఆ ఇంట్లో అందరికన్నా చిన్నపిల్ల ఎవరో వాళ్లను తెమ్మనేవాడు. ఆ రోజు తమ్ముణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని, వాడి రెండు చెవుల మధ్య ఒక పుల్లను ఆనించి తల వెడల్పు కొలిచాడు. ఆ కొలతలోంచి రెండు వేళ్ల మందం తగ్గించి పుల్లను తెగ్గోశాడు. కటాంజనంలో ఏ రెండు పట్టీల మధ్యా ఆ పుల్లకు మించి సందు ఉండకూడదు. తల పట్టని సందులోంచి పిల్ల పోదు, అదీ ఆయన లెక్క. నిలువు పట్టీలే తప్ప మధ్యలో అడ్డపట్టీలు పెట్టేవాడు కాదు, పిల్లలకు అవి నిచ్చెన మెట్లవుతాయని. అమ్మ, నాయనమ్మ వాడి తలను కొలుస్తుంటే మురిసిపోతూ చూశారు. నా తలను పుట్టినప్పటినుంచీ ఎవరూ కొలిచిన పాపాన పోలేదు.

మధ్యాహ్నం జొన్న గడక తాగి వడ్లతాత కొట్టం నీడలో కునుకు తీశాడు. కొలత పుల్ల ఆయన పనిముట్ల పక్కనే ఉంది. చెక్క పేళ్లలో వెతికితే అట్లాంటిదే ఇంకో పుల్ల దొరికింది. దానికన్నా నాలుగు వేళ్లు పొడుగు. దాని కొసలను నేలకు రాసి నున్నగా చేశాను, అక్కడ పెట్టాను. అసలు పుల్లను తీసుకుపోయి పసుపు గంప అడుగున దాచాను. సందులు ఎడం అవుతాయి, ఒక బల్ల మిగులుతుంది, నా ఉయ్యాల నాకొస్తుంది. నా తెలివికి నేనే పొంగిపోయాను. తమ్ముడు పడిపోవాలని నేను అనుకోలేదు, ఒట్టు. ఆ మాట ఇన్నేళ్లుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. అసలు వాడి సంగతే నాకు తట్టలేదు. ఈర్ష్య పట్టిన మనిషికి ఎదుటివాడి దగ్గరున్న వస్తువు కనిపిస్తుంది, ఆ మనిషి కనిపించడు.

వడ్లతాత లేచి, ముఖం కడుక్కుని, పుల్లను చేతిలోకి తీసుకున్నాడు. ఒకసారి అటూ ఇటూ తిప్పాడు. ఆయన నావైపు చూడను కూడా చూడలేదు. మంచి బల్లల జోలికి పోకుండా రెండు పాత చెక్కలు తీసి, వాటి మధ్య ఆ పుల్లతోనే సందులు కొలుచుకుంటూ నాలుగు పేళ్లను మేకులతో కొట్టాడు. కటాంజనంలో చిన్న ముక్కలాంటిది తయారైంది. దాన్ని వాకిట్లో నేల మీద, రెండు పసుపు బస్తాల మధ్య కదలకుండా నిలబెట్టాడు. అమ్మావాళ్లు మిద్దె మీద పసుపు ఆరబోస్తున్నారు. కింద మేం ముగ్గురమే ఉన్నాం.

తమ్ముణ్ణి ఆ చెక్కకు ఇవతల కూర్చోబెట్టమన్నాడు, కూర్చోబెట్టాను. నన్ను అవతల కూర్చోమన్నాడు, కూర్చున్నాను.

"ఇగ పిల్వు బిడ్డా" అన్నాడు.

నాకు పిలవాలని లేదు. వాణ్ణి నేను ముద్దుగా పిలిచి ఎన్నాళ్లయిందో కూడా గుర్తు లేదు. తప్పదన్నట్టు, లోగొంతుతో ఒక్కసారి రమ్మన్నాను. అంతే. వాడి ముఖం ఎట్లా వెలిగిందో నేను చెప్పలేను. ఇంట్లో అందరూ వాణ్ణి పిలిచేవాళ్లే. అక్క పిలవడమే వాడికి పండగ. ముందు చేయి బయటికి పెట్టాడు. తర్వాత తల. చెవి ఒకటి చెక్కకు నొక్కుకుని మడత పడింది, అయినా ఆగలేదు. ఒక భుజం వచ్చింది, బొజ్జ కాసేపు ఇరుక్కుంది, కాళ్లతో తన్నుకుని మొత్తం మనిషే సందు దాటి వచ్చి నా ఒళ్లో బోర్లా పడ్డాడు. పడి, కిలకిలా నవ్వాడు. నాకూ నవ్వొచ్చేసింది.

అప్పుడు వడ్లతాత తలెత్తి పైకి చూపించాడు. మిద్దె అంచు, ఒట్టి మోకు, దాని వెనక ఆకాశం.

"గక్కడికెల్లి గూడ గిట్లనే వస్తడు. నువ్వు పొద్దుమూకి బడి నుంచి వస్తవు గద. గీ వాకిట్ల నువ్వు కనవడ్తే సాలు, పిలువ గూడ పిల్వనక్కర లేదు."

ఆయన గొంతు పెంచలేదు. ఎవరు మార్చారని అడగలేదు. తమ్ముడు నా జడ పట్టుకుని లాగుతున్నాడు. ఆ వాకిట్లో ఎక్కడ పడతాడో ఆ చోటు నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది, రాయి పరిచిన చోటే. వాడి మొలతాడును గట్టిగా పట్టుకున్నాను. ఎంత గట్టిగా అంటే వాడు నొప్పికి ఏడుపు లంకించుకున్నాడు. నేనూ ఏడ్చాను. వాణ్ణి చంకలో వేసుకునే వెళ్లి, పసుపు గంప కింద నుంచి అసలు పుల్ల తీసి ఆయన చేతిలో పెట్టాను.

వడ్లతాత దాన్ని తీసుకుని పంచె అంచుతో తుడిచాడు. నా తల నిమరలేదు, తిట్టలేదు, నీతి చెప్పలేదు. మా తాతయ్యకు ఆ సంగతి చెప్పలేదని కూడా చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. "పని ఉన్నది, ఏడ్సుడు బంద్ చెయ్యి. నాకు కండ్లు జర సరిగ కనవడ్తలేవు. ఒక్కొక్క సందుల గీ పుల్ల నువ్వే వెట్టి సూడాలె" అన్నాడు. కళ్లు కనిపించకపోవడమేమిటి, మారిన పుల్లను చేతి బరువుతోనే కనిపెట్టిన మనిషికి!

ఆ పని పది రోజులు సాగింది. నేను ఆయన వెంటే ఉన్నాను. పాత స్తంభాలను సున్నపు నేలలో గుంత తవ్వి పాతారట, ఆ గుంతలోకి దిగిన నీళ్లకు బయటికి దారి లేదట. కట్టె ఎప్పుడూ కాళ్ల దగ్గర్నుంచే చస్తుందని ఆయన చెప్పాడు. ఈసారి ఒక్క స్తంభాన్నీ నేలను తాకనివ్వలేదు. మిద్దె అంచు దూలానికి బయటివైపు ఆనించి, అటునుంచి ఇటుకు పెద్ద బోల్టులు బిగించాడు. స్తంభం అడుగు గాలిలో ఉంటుంది, నీళ్లు కారి పోతాయి. ఆ బోల్టులను కమ్మరి ఎర్రగా కాల్చి నూనెలో ముంచి ఇచ్చాడు, తుప్పు ఆలస్యంగా పట్టాలని. పై దూలం మీద నీళ్లు నిలవకుండా గుండ్రంగా చెక్కాడు. కోసిన ప్రతి కొసకూ కాచిన అవిసె నూనె మూడుసార్లు తాగించాడు. కటాంజనం ఎత్తు పెద్దవాళ్ల నడుము దాటింది. ఇక నేను ప్రతి సందులోనూ పుల్ల పెట్టి చూశాను. ఒక్కచోట పుల్ల కొంచెం వదులుగా ఆడిందని చెప్తే, ముసలాయన వెంటనే ఆ పట్టీ పీకి మళ్లీ కొట్టాడు. నా జీవితంలో నా మాటకు అంత విలువ అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు.

పని అయ్యాక, పసుపు బస్తాలు మోసే హమాలీలను నలుగురిని పిలిపించి, బలమంతా పెట్టి ఆనుకోమన్నాడు. కిర్రుమనలేదు. అప్పుడు అమ్మ తమ్ముడి నడుముకు కట్టిన చీర విప్పేసింది. వాడు పాకుతూ పోయి ప్రతి సందులోనూ ముక్కు దూర్చి చూశాడు. ఎక్కడా తల పట్టలేదు. వాడికి కోపం వచ్చి పట్టీలను రెండు చేతులా పట్టుకుని ఊపాడు. నేను వెనకే నిలబడి చూస్తున్నాను. బల్ల ఒక్కటి కూడా మిగలలేదు. ఉయ్యాల రాలేదు. దానికోసం ఆ వానాకాలమంతా లోపల్లోపల కుమిలాను, దాచుకోవడం దేనికి. ఒక్క రోజులో మంచిదాన్ని అయిపోయానని చెప్తే అది అబద్ధం. తమ్ముడి మీద ఆ తర్వాత కూడా ఏడ్చాను. వాడికి సైకిల్ కొన్నప్పుడు ఏడ్చాను. నన్ను చిన్నప్పుడే బడి మాన్పించినవాళ్లు వాణ్ణి నిజామాబాదు కాలేజీకి పంపినప్పుడు మరీ ఏడ్చాను, ఆ ఏడుపులో న్యాయం కూడా ఉంది.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఏ ఇంటికి పోయినా మేడ మీద కటాంజనం కనిపిస్తే సందులో పిడికిలి పెట్టి చూడకుండా ఉండలేను. పిల్లలు నవ్వుతారు, నవ్వనీ. ఎదుటివాళ్లను చూసి ఓర్వలేని గుణం కూడా నన్ను పూర్తిగా వదిలిపోలేదు. తోడికోడలి నగను చూసినా, పక్కింటావిడ కోడలి మర్యాదను చూసినా ఇంకా ఎక్కడో చురుక్కుమంటుంది. అట్లా చురుక్కుమన్నప్పుడల్లా ఆ మనిషిని నేను ఇప్పుడు పిలిస్తే ఎట్లా వస్తుందో ఒక్కసారి ఊహించుకుంటాను. చాలాసార్లు, చేతిలో పని వదిలేసి వస్తుందనే అనిపిస్తుంది. అక్కడితో నా మంట సగం చల్లారుతుంది. ఆ రోజు వాకిట్లో నేను మనసు లేకుండా, ఒక్కసారి పిలిచాను. మా తమ్ముడు ఆ సందు ఎంతుందో చూసుకోలేదు. నన్నే చూస్తూ వచ్చేశాడు.