అక్క ఎడమ కన్ను

మా అక్కకూ నాకూ చిన్నప్పటి నుంచీ సోడాబుడ్డి అద్దాలే. ఆమెకు మైనస్ పద్దెనిమిది, నాకు పద్నాలుగు. పెళ్లిళ్లయ్యాక కూడా ఈ మరాఠీ ఊళ్లో, తెలుగువాళ్లుండే దాజీ పేట్‌లో పక్కపక్క ఇళ్లలోనే ఉన్నాం. మధ్యాహ్నాలు ఒడిలో చాటలు పెట్టుకుని కలిసి బీడీలు చుట్టేవాళ్లం.

ఒకరోజు చుడుతూ చుడుతూ అక్క ఆగిపోయింది.

"ఎడమ కంట్ల మెరుపులు మెరుస్తున్నయే. నల్లటి చుక్కలు గూడ తిరుగుతున్నయ్."

"నంబర్ పెరిగుంటది. చష్మా మార్పిస్తె అయిపాయె," అన్నాను. కార్ఖానాలో బీడీలు అప్పజెప్పే తొందరలో తల కూడా ఎత్తలేదు.

నాలుగో రోజు పొద్దున మా గడపలో నిలబడి, "పక్కనుంచి పడదా పడ్డట్టున్నది చెల్లె," అంది. అప్పుడు కంటాసుపత్రికి పరుగెత్తాం.

ఇంత నంబరు ఉన్నవాళ్లకు కనుగుడ్డు పొడవుగా సాగిపోతుందట. చూపునిచ్చే లోపలి పొర పల్చబడి చిరుగుతుందట. అద్దాలు చూపును సరిచేస్తాయి గానీ ఆ సాగడాన్ని ఆపవని డాక్టరు చెప్పాడు. అక్క కంట్లో పొర చిరిగి, ఊడిపోయింది కూడా. ఆపరేషన్ చేసి, పొర మళ్లీ అతుక్కునేలా లోపలి నుంచి ఒత్తిపట్టడానికి కంట్లో గ్యాస్ నింపారు. ఆ గ్యాస్ పొర మీదే ఉండాలని రెండు వారాలు బోర్లా పడుకోమన్నారు. దిండులో మొహం దాచుకుని ఉన్న అక్క, నా అడుగుల చప్పుడు వినబడగానే "పొద్దు గూకిందానే?" అని అడిగేది. ఆ కంటికి చివరికి వెలుతురు తెలియడం మాత్రమే మిగిలింది.

మెరుపులు కనబడ్డ రోజే తెస్తే లేజర్‌తో సరిపోయేదేమోనని డాక్టరు వరండాలో నాతో మరాఠీలో అన్నాడు. ఆ మాట అక్కకు చెప్పలేదు. ఎడమ పక్కనున్న బిందెకు ఆమె కాలు తగిలి నీళ్లు ఒలికిన ప్రతిసారీ ఆ మాట నా నోటి దాకా వచ్చేది.

పోయిన ఏడాది నా కంట్లోనూ మెరిసింది. ఆ గంటలోనే వెళ్లాను. మందు చుక్కలు వేసి చూసి, పొరకు చిన్న రంధ్రం పడిందన్నారు. అది ఊడకుండా చుట్టూ లేజర్ వేశారు. సాయంత్రానికి ఇంటికి వచ్చేశాను.

అక్క వచ్చి నా చేయి పట్టుకుంది. "మంచిగ జేసినవ్. జల్ది పోయినవ్."

ఆమె నిజంగానే సంతోషపడుతోంది. అది తట్టుకోలేక డాక్టరు అన్న మాట చెప్పేశాను.

అక్క నెమ్మదిగా నా చేయి వదిలేసింది.

"ఇన్నేండ్లు నా నసీబ్ అనుకున్న. గట్లనే అనుకోనిస్తె నీదేం పోతుండె?"

మర్నాడు ఎప్పటిలాగే పనికి వచ్చింది. కానీ చూపు లేని కన్ను నా వైపు ఉండేలా కూర్చుంది. ఇప్పటికీ అలాగే కూర్చుంటుంది.